కరివేపాకు మీద పగటివేషం

చెట్టున్న చోటే చిలుక

మెట్టుగూడ రైల్వేవాళ్ళ పేట. దగ్గర్లోనే లాలాగూడ వర్క్‌షాపు, రైల్ నిలయం. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. కానీ నిజాం రైల్వే నాటినుంచే ఈ చుట్టుపక్కల రైలు ఉద్యోగుల ఇళ్ళున్నాయి. 2017 నవంబరులో మెట్రో కూడా వచ్చి చేరింది. పైన మెట్రో, కింద సిటీ బస్సులు, ఆటోలు. ఇంత రొదలోనూ పాత క్వార్టర్ల పెరళ్ళలోనో, అపార్టుమెంటు ప్రహరీ వారనో, డాబా మీది కుండీలోనో ఒక మొక్క మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. అదే కరివేపాకు. చారులోకో పులిహోరలోకో నాలుగు రెబ్బలు తుంచుకోని ఇల్లుండదు.

ఆ చెట్టు మీద మనతోపాటు మరొకరికీ హక్కుంది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద అడ్డంగా తెల్లమచ్చల వరస, చివర పొట్టి తోకలు ఉన్న పెద్ద సీతాకోకచిలుక అది. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు 9, 10 సెంటీమీటర్లుంటుంది. వ్యవహారంలో దాన్ని కామన్ మార్మన్ అంటారు. శాస్త్రీయ నామం పాపిలియో పాలిటిస్. 1758లో లినేయస్ తన జీవజాతుల పట్టికలో చేర్చాడు. మనదేశం నుంచి చైనా, తైవాన్, ఇండోనేషియా దాకా దీని కాపురం. హైదరాబాదులో ఏడాది పొడుగునా ఉంటుంది గానీ వానలు పడి చెట్లు చిగురించాక బాగా కనిపిస్తుంది.

ఈ అధ్యాయంలో దాని బతుకును గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు దాకా చూద్దాం. ముందుగా ఒక మాట చెప్పాలి. పురుగంటే అసహ్యం, చిలుకంటే అందం అనే లెక్కతో చూస్తే ఈ జీవి అర్థం కాదు. పురుగు పని తినడం. చిలుక పని సంతానాన్ని కనడం. రెండు పనులకూ రెండు రకాల ఒళ్ళు కావాలి, అందుకే మధ్యలో ఒళ్ళు మార్చుకోవడం. ఈ ప్రయాణం పొడుగునా వెన్నాడే గండం ముఖ్యంగా ఒకటి: పిట్ట కన్ను. మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు పట్టపగలు, నడిబజారులో, అందరి కళ్ళెదుటే వేషం కట్టి నమ్మించేవాళ్ళు. ఈ చిలుక చేసేదీ అదే. ఎక్కడో దాక్కోదు. ఆకు మీద, ఎండలో, ఎదురుగానే కూర్చుని పిట్ట కన్ను కప్పుతుంది. వయసు మారినప్పుడల్లా వేషం మారుస్తుంది.

కాలితో రుచి చూసే తల్లి

కరివేపాకు చెట్టు చుట్టూ ఒక నల్లచిలుక పూల జోలికి పోకుండా ఆకుల మధ్యే తిరుగుతూ ఉందంటే అది గుడ్లు పెట్టే తల్లి. ఆకు మీద పూర్తిగా వాలదు. రెక్కలు ఆడిస్తూనే ముందుకాళ్ళతో ఆకును చకచకా తడుతుంది. ఒక్కోసారి పక్కనున్న మందారాన్నీ తట్టి వదిలేస్తుంది. ఆ తట్టడం ఆకును రుచి చూడడమే. సీతాకోకచిలుకల కాలి కొసల్లో రుచి తెలుసుకునే సన్నని నూగు ఉంటుంది. ఆకు పైపొరలోని రసాయనాలు ఆ నూగుకు తగలగానే ఇది మన చెట్టా కాదా అనేది తేలిపోతుంది. మార్మన్‌కు దగ్గరి చుట్టమైన ఒక ఆసియా చిలుక మీద పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తలు నిమ్మజాతి ఆకుల్లో ఉండే సైనెఫ్రిన్ అనే పదార్థాన్ని కాలితో పసిగట్టే గ్రాహకాన్ని, దాని జన్యువును 2011లో గుర్తించారు.

కరివేపాకు, నిమ్మ, బత్తాయి, నారింజ, దబ్బ, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం. ఏ ఆకును నలిపినా ఘాటైన వాసన వస్తుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే ఆకంతా సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. పురుగూ పుట్రా తినకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటది. చాలా పురుగులు ఆ నూనెలకు జడిసి దగ్గరికి రావు. ఈ వంశపు చిలుకలు మాత్రం తరతరాలుగా ఆ విషాలను అరిగించుకోవడం నేర్చాయి. ఇతరులను తరిమే వాసనే వీటికి పిలుపయింది. మొక్క ఒక ఎత్తు వేస్తే పురుగు పైఎత్తు వేస్తూ రెండూ కలిసి మారుతూ వచ్చాయని పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1964లో సీతాకోకచిలుకలను ఆధారంగా తీసుకునే ప్రతిపాదించారు. జీవశాస్త్రంలో సహపరిణామమనే ఆలోచనకు ఊపు తెచ్చింది ఆ వ్యాసమే.

చెట్టు ఖాయమయ్యాక తల్లి లేత చిగురు వెతుక్కుంటుంది. ముదురాకును కొరికే శక్తి పసిపురుగు దవడలకు ఉండదు. పొట్ట కొసను ముందుకు వంచి ఆకుకు ఒక గుడ్డు అంటించి లేచిపోతుంది. మరో గుడ్డు మరో ఆకు మీద. అన్నీ ఒకేచోట పెడితే ఒక్క చీమల దండు చాలు, సంతానమంతా పోవడానికి. గుడ్డు గుండ్రంగా, లేత పసుపు రంగులో, సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. భూతద్దం ఉంటే చూడండి: నున్నగా, మెరుస్తూ, ఆకు అంచునో అడుగునో ఒంటరిగా ఉంటుంది. రెండో రోజుకు రంగు ముదురుతుంది. పొదిగే ముందు లోపలి పురుగు నల్లటి తల పైపెంకులోంచి కనిపిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో పెంకు కొరుక్కుని బయటికొస్తుంది. వచ్చీ రాగానే తినేది తన గుడ్డు పెంకునే.

అన్ని గుడ్లూ పొదగవు. కంటికి ఆనీ ఆనని పరాన్నజీవి కందిరీగలు గుడ్డులోనే తమ గుడ్డు పెట్టేస్తాయి. అలాంటి గుడ్డు నల్లబడి, చివరికి అందులోంచి చిలుక పిల్లకు బదులు కందిరీగలు బయటికొస్తాయి. ట్రైకోగ్రామా అనే ఈ రకం కందిరీగలను రైతులు పంటల మీద వదలడానికి కార్డుల మీద పెంచి అమ్ముతారు కూడా.

రెట్ట వేషం

గుడ్డు నుంచి వచ్చిన పురుగు రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, మధ్యలో తెల్లటి మచ్చలు, పైన తడి మెరుపు. ఆకు మీద కొద్దిగా వంకర తిరిగి కదలకుండా ఉంటుంది. ఎంత దగ్గరగా చూసినా పిట్ట వేసిన రెట్టే అనిపిస్తుంది. ఆకలితో చిగుళ్ళు వెతికే పిగిలిపిట్ట రెట్టను ముక్కుతో పొడవదు కదా. పురుగు ఆకు పైభాగానే, బాహాటంగా కూర్చోవడం కూడా వేషంలో భాగమే. రెట్ట పడేది ఆకు పైనేగా!

పురుగుకు ఎముకల్లేవు. గట్టి పైతోలే దాని అస్థిపంజరం. ఆ తోలు ఒక హద్దు దాటి సాగదు. అందుకే లోపల కొత్త తోలు తయారుచేసుకుని పాతదాన్ని విప్పేస్తుంది. కుబుసం విడిచే ముందు ఒక పూటో రోజో తిండి మానేసి, ఆకు మీద పరుచుకున్న సన్నని పట్టుదారాలకు కాళ్ళు బిగించి నిలబడిపోతుంది. ముందు తలచిప్ప ఊడి పడుతుంది. తర్వాత తోలు వెనక్కి జారిపోతుంది. విడిచిన తోలును కూడా చాలాసార్లు తినేస్తుంది. అందులో ఉన్న మాంసకృత్తులు వృథా చేయదు. ఇలా నాలుగుసార్లు కుబుసం విడిచి అయిదు దశలు దాటుతుంది. మొదటి నాలుగు దశల్లోనూ రెట్ట వేషమే.

కుండీలో మొక్క పెంచేవాళ్ళకు పురుగు కంటే ముందు దాని జాడ తెలుస్తుంది. మట్టి మీద, గచ్చు మీద నల్లటి చిన్న పెంటికలు రాలి ఉంటాయి. వాటికి నేరుగా పైన చూస్తే రెబ్బకు ఆకులుండవు, ఈనె మాత్రమే మిగిలుంటుంది. ఆ పక్క రెబ్బ మీద పురుగుంటుంది. ఒంటి మీద దురద పుట్టించే నూగు లేదు. వేలితో తాకినా ఏమీ కాదు.

పాము వేషం

రెట్ట వేషానికి ఒక చిక్కుంది. పురుగు మూడు నాలుగు సెంటీమీటర్లకు పెరిగితే అంత పొడుగు రెట్ట ఏ పిట్ట వేస్తుంది? అందుకే నాలుగో కుబుసం విడిచాక లోపల్నుంచి వచ్చే పురుగు పూర్తిగా వేరే రంగుతో వస్తుంది. ఒళ్ళంతా కరివేపాకు పచ్చ. పక్కల మీదుగా గోధుమరంగు, తెలుపు కలిసిన ఏటవాలు చారలు. ఒంటి ముందుభాగం ఉబ్బెత్తుగా ఉండి దాని మీద రెండువైపులా రెండు కళ్ళు.

ఆ కళ్ళు కళ్ళు కావు. రంగు మచ్చలు. అసలు తల కింద, ముందుకాళ్ళ దగ్గర ముడుచుకుని ఉంటుంది. అసలు కళ్ళు తలకు ఒక్కోవైపు ఆరు చొప్పున సన్నని చుక్కలు. వాటితో వెలుగు నీడలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. పుల్లతో మెల్లగా తాకితే పురుగు ముందుభాగాన్ని ఇంకా ఉబ్బించి పైకెత్తుతుంది. ఆకుల సందులోంచి చిన్న పచ్చపాము తొంగిచూసినట్టే ఉంటుంది. అప్పటికీ వదలకపోతే తల వెనక నుంచి రెండు పాయలుగా చీలిన ఎర్రటి కొమ్ము చటుక్కున బయటికి వస్తుంది. దాంతోపాటే ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన. కొన్ని సెకన్లలో కొమ్ము మళ్ళీ లోపలికి పోతుంది. ఇది పాపిలియో కుటుంబపు పురుగులన్నిటికీ ఉన్న ఆయుధం. పెద్ద పురుగు కొమ్ములోంచి వచ్చేవి ఘాటైన సేంద్రియ ఆమ్లాలు. చీమలూ సాలీళ్ళూ ఆ వాసనకు వెనక్కి తగ్గుతాయి.

వేషం ఎప్పుడు మార్చాలో పురుగుకు చెప్పేదెవరు? ఈ ప్రశ్నకు టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఫుతహాషి, ఫుజివారా 2008లో జవాబు చూపించారు. మార్మన్‌కు దగ్గరి చుట్టమైన పాపిలియో జూథస్ పురుగుల మీద వాళ్ళ ప్రయోగం. కీటకాల మెదడు వెనకుండే ఒక చిన్న గ్రంథి బాల్య హార్మోనును స్రవిస్తుంది. నాలుగో దశ మొదట్లో ఈ హార్మోను తగ్గితే తర్వాతి తోలు పచ్చగా వస్తుంది. ఆ సమయంలో బయటినుంచి అదే రకం హార్మోనును పూసి తగ్గకుండా చేస్తే అయిదో దశ పురుగు కూడా రెట్ట వేషంతోనే బయటికి వచ్చింది.

తిండి విషయానికొస్తే పురుగు జీవితమంతా తినేదాంట్లో సింహభాగం ఈ అయిదో దశలోనే తింటుంది. పుట్టినప్పటి బరువు కన్నా వెయ్యి రెట్లు దాటి పెరుగుతుంది. మెట్టుగూడ డాబా మీద రెండడుగుల కుండీ మొక్కను వారంలో మోడు చేసేది ఇదే. అప్పుడే ఇంటివాళ్ళకు కనబడుతుంది, అప్పుడే తిట్లు తింటుంది. గుడ్డు పొదిగినప్పటినుంచి లెక్కేస్తే పురుగు బతుకు సుమారు రెండు మూడు వారాలు.

నడుముకు దారం

కడుపు నిండాక పురుగు ప్రవర్తన మారిపోతుంది. పొట్టలో ఉన్నదంతా నీళ్ళగా విసర్జించి, ఆకు వదిలి నడక మొదలుపెడుతుంది. కొన్నిసార్లు అదే చెట్టు కొమ్మ మీద ఆగుతుంది. కొన్నిసార్లు గోడెక్కి కిటికీ చట్రం కిందకో, నీళ్ళ పైపు వెనక్కో చేరుతుంది. చోటు కుదిరాక నోటి దగ్గరి గ్రంథి నుంచి పట్టుదారం తీసి చిన్న మెత్త అల్లుతుంది. వెనకకాళ్ళను అందులో బిగిస్తుంది. తర్వాత తలను అటూ ఇటూ తిప్పుతూ నడుము చుట్టూ ఒక దారపు ఉచ్చు కట్టుకుని అందులోకి దూరి వెనక్కి వాలుతుంది. స్తంభానికి మోకు కట్టుకుని వెనక్కి వాలే లైన్‌మన్‌కూ దానికీ ఆధారం ఒకే తీరు. పురుగుకూ చిలుకకూ మధ్య దశను ప్యూపా అంటారు. జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ వంటి చిలుకల ప్యూపాలు తలకిందులుగా వేలాడతాయి. మార్మన్ కుటుంబం వాటికి తల పైకే ఉంటుంది. గోడ మీద ప్యూపా కనిపిస్తే నడుముకు దారముందో లేదో చూడండి, ఏ కుటుంబమో సగం తెలిసిపోతుంది.

ఒక రోజు అలా కదలకుండా ఉండి చివరి కుబుసం విడుస్తుంది. ఈసారి బయటపడేది కాళ్ళూ దవడలూ లేని ప్యూపా. ఇక్కడ మూడో వేషం. పచ్చని కొమ్మల మధ్య కట్టుకుంటే ప్యూపా ఎక్కువగా పచ్చగా ఉంటుంది. ఎండుపుల్ల మీదో గరుకు గోడ మీదో కట్టుకుంటే గోధుమ, బూడిద రంగుల్లోకి తిరుగుతుంది. ఒకే తల్లి పిల్లలు పక్కపక్కనే ఉండి ఒకటి ఆకులా, ఇంకోటి ఎండుచెక్కలా కనిపిస్తాయి. కట్టుకునే చోటు నునుపా గరుకా, తడా పొడా అనే కబురు పురుగు నాడుల ద్వారా అంది, కుబుసం విడవకముందే ఆ రంగు నిర్ణయమైపోతుంది.

లోపల ఏం జరుగుతోంది?

పురుగు చచ్చి, దాని లోపల మరో ప్రాణి పుడుతుందని ఒకప్పుడు పండితులు కూడా నమ్మారు. పదిహేడో శతాబ్దంలో డచ్చి శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ ప్యూపా కట్టబోయే పురుగును కోసి చూశాడు. తోలు కింద రెక్కలు, కాళ్ళు, మీసాల నమూనాలు అప్పటికే మడతలు పడి ఉన్నాయి. పురుగూ చిలుకా ఒకే ప్రాణి అని కంటికి కట్టినట్టు చూపించిందతనే.

ఆ నమూనాలు ప్యూపాలో ఉన్నట్టుండి పుట్టేవి కావు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే ఒంట్లో అక్కడక్కడా కొన్ని కణాల గుంపులు పక్కకు తీసిపెట్టి ఉంటాయి. రెక్కకొకటి, మీసానికొకటి, కంటికొకటి. బాల్య హార్మోను ఉన్నంతకాలం అవి అణిగి ఉంటాయి. అది తగ్గి, కుబుసం విడిపించే హార్మోను ఎక్డైసోన్ పెరిగితే విజృంభిస్తాయి. పురుగు కండరాలు, జీర్ణాశయం చాలావరకు కరిగి ఆ గుంపులకు ఆహారమవుతాయి. ప్యూపా లోపల ఉండేదంతా వట్టి ద్రవమని కొన్ని పుస్తకాల్లో రాస్తుంటారు. అది సరికాదు. 2013లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు పెయింటెడ్ లేడీ చిలుక ప్యూపాను కోయకుండా ఎక్స్‌రే స్కానుతో రోజురోజూ చూశారు. ఊపిరి గొట్టాలు మొదటినుంచీ చివరిదాకా చెక్కుచెదరకుండా కనిపించాయి. నాడీవ్యవస్థ కూడా పూర్తిగా చెరిగిపోదు. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఒక జాతి పురుగులకు ఒక వాసన వచ్చినప్పుడల్లా చిన్న కరెంటు షాకిచ్చి ఆ వాసన అంటే విముఖత నేర్పారు. చివరి దశలో నేర్చుకున్న పురుగులు చాలావరకు రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగానే వెళ్ళాయి. ఒళ్ళు మారినా జ్ఞాపకం మిగిలింది.

ఎక్డైసోన్‌ను తొలిసారి శుద్ధిచేసి స్ఫటికంగా తీసింది జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్. సంవత్సరం 1954. అందుకు వాళ్ళకు అక్కరకొచ్చింది పట్టుపురుగు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలను పిండితే దక్కింది 25 మిల్లీగ్రాముల హార్మోను. ఇంత స్వల్పమైన పదార్థం ఒక ప్రాణి ఒళ్ళంతా తిరగరాస్తుంది.

మన మార్మన్‌కు ఈ పని సుమారు పది రోజులు. చలికాలంలో ఇంకొన్నాళ్ళు సాగుతుంది. ఈ దశలోనూ కందిరీగల బెడద తప్పదు. అప్పుడే కట్టిన ప్యూపా తోలు మెత్తగా ఉన్నప్పుడు ఒక రకం చిన్న కందిరీగ దాన్ని పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. అలాంటి ప్యూపాకు కొన్నాళ్ళకు సన్నని చిల్లు పడి అందులోంచి కందిరీగలు గుంపుగా బయటికొస్తాయి.

రెక్కలు విప్పే ఉదయం

బయటికొచ్చే ముందురోజు ప్యూపా తోలు పల్చబడి నల్లటి రెక్కల మీద తెల్లమచ్చలు పైకి కనిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే తల దగ్గర తోలు చీలుతుంది. చిలుక కాళ్ళు ఆనించి నిమిషంలో బయటపడి దగ్గర్లోని పుల్లను పట్టుకుని వేలాడుతుంది. అప్పటి ఆకారం విచిత్రంగా ఉంటుంది. పొట్ట ఉబ్బి పెద్దగా, రెక్కలు తడిసి నలిగిపోయి చిన్నగా. పొట్టను నొక్కుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి ఎక్కిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో రెక్కలు పూర్తిగా సాగుతాయి. ఇంకో గంటో రెండు గంటలో ఆరితే తప్ప గట్టిపడవు. ఈలోగా ఎవరైనా ముట్టుకుంటే, వేలాడే చోటు లేక కింద పడితే రెక్క వంకరగా ఆరిపోతుంది. అలాంటి చిలుక ఇక ఎగరలేదు.

ఈ సమయంలో నోటిని చూడాలి. తేనె పీల్చే గొట్టం రెండు విడి పాయలుగా బయటికొస్తుంది. చుట్టడం, విప్పడం పదేపదే చేస్తూ రెంటినీ ఒకటిగా అతికించుకుంటుంది. అతకకపోతే జన్మంతా పస్తే. చివరికి ప్యూపా దశలో పోగైన వ్యర్థాన్ని చుక్కలుగా వదిలేసి ఎగిరిపోతుంది.

ఎగిరేవాటికి ఇక పెరుగుదల లేదు. చిన్న చిలుక ఎదిగి పెద్ద చిలుక కావడం అనేదే ఉండదు. నూరువరహాలు, లాంటానా పూల మీద తాగేది తేనె, అంటే ముఖ్యంగా చక్కెర నీళ్ళు. ఎగరడానికి ఇంధనంగా అది చాలు. రెక్కలు కట్టడానికి, గుడ్లు తయారుచేయడానికి కావలసిన మాంసకృత్తులు చాలామటుకు పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్నవే. ఆ నల్లరెక్క మీది ప్రతి పొలుసూ ఒకప్పుడు కరివేపాకు. ఉప్పు కోసం మాత్రం మగచిలుకలు వానపడ్డాక తడిమట్టి మీద గుంపుగా వాలి నీళ్ళు పీలుస్తాయి. చిలుకగా దాని ఆయుష్షు కొద్ది వారాలే.

ఆడదానికి మూడు రూపాలు

అన్నిటికన్నా గొప్ప వేషం చివర్లో ఉంది. మగ మార్మన్‌లన్నీ ఒకే తీరు. ఆడవి మూడు రకాలు. కొన్ని అచ్చం మగదానిలాగే ఉంటాయి. కొన్నిటి వెనక రెక్క మీద తెల్లటి మచ్చ, అంచున ఎర్రటి మచ్చలుండి కామన్ రోజ్ అనే వేరే జాతి చిలుకలా కనిపిస్తాయి. మూడో రకం క్రిమ్సన్ రోజ్ అనే మరో చిలుకను పోలి ఉంటుంది. ఇవి వేరువేరు జాతులనుకునేవారు. డార్విన్‌తోపాటు పరిణామ సూత్రాన్ని ప్రకటించిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లో రాసిన వ్యాసంలో ఇవన్నీ ఒకే జాతి ఆడవేనని వాదించాడు. తర్వాత సిలోన్‌లో ఫ్రైయర్ అనే పరిశోధకుడు వీటిని తరాలవారీగా పెంచి ఈ రూపాలు వంశపారంపర్యంగా వస్తాయని రుజువు చేశాడు.

రోజ్ చిలుకల పురుగులు ఈశ్వరి తీగ తింటాయి. అందులో అరిస్టొలోకిక్ ఆమ్లమనే విషముంది. మనుషుల మూత్రపిండాలను కూడా పాడుచేసే విషమది. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుని చిలుకయ్యాక కూడా విషంగానే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట ఆ ఎరుపు నలుపుల జోలికి మళ్ళీ పోదు. మార్మన్ ఒంట్లో ఏ విషమూ లేదు. ఆ రంగులు తొడుక్కుని బతికిపోతుంది. అమెజాన్ అడవుల్లో చిలుకలను చూసి 1862లో హెన్రీ బేట్స్ వివరించిన అనుకరణ ఇదే.

ఈ మారువేషాన్ని మనమూ పట్టుకోవచ్చు. కామన్ రోజ్ ఒళ్ళు, తల ఎర్రగా ఉంటాయి. వేషం వేసిన మార్మన్ రెక్కల మీద ఎరుపుంటుంది గానీ ఒళ్ళు నలుపే. రెక్కను చూసి మోసపోకుండా పొట్టను చూస్తే చాలు.

రెక్కల రంగు, మచ్చ, ఆకారం అన్నీ ఒకేసారి ఎలా మారతాయి? 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు దీని వెనక డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు ఉందని తేల్చారు. కీటకాల్లో ఆడ, మగ లక్షణాలను తీర్చిదిద్దే జన్యువే ఇది. ఆ భాగం క్రోమోజోములో తలకిందులైన జీవుల్లో అనుకరణ రూపం వస్తుంది. మగది కూడా ఆ జన్యువును మోస్తుంది, పిల్లలకు ఇస్తుంది, తన రెక్కల మీద మాత్రం చూపించదు. మరుసటి ఏడాది జపాన్ బృందం ప్యూపా దశలో ఆ జన్యువు పనిని రెక్కలో ఒక భాగంలో ఆపి చూసింది. ఆపినంత మేరా వేషం చెరిగి మామూలు రూపు వచ్చింది.

ఆడదానికే ఈ వేషం ఎందుకంటే కడుపునిండా గుడ్లతో బరువుగా, ఆకుల మధ్య నెమ్మదిగా తిరగాల్సింది అదే. అయితే అందరూ వేషం కడితే వేషానికి విలువుండదు. నిజమైన రోజ్ చిలుకల కంటే నకిలీవి ఎక్కువైతే పిట్టలు పసిగట్టేస్తాయి. మామూలు రూపం ఆడవి కూడా మిగిలి ఉండడానికి ఇదొక కారణం.

మనం చేయగలిగింది

కరివేపాకు మీద రెట్ట పురుగు కనబడితే అది మార్మన్ కావచ్చు, దాని చుట్టం నిమ్మ సీతాకోకచిలుక కావచ్చు. రెండోది పసుపు, నలుపు మచ్చలతో ఉంటుంది, తోక ఉండదు. నల్లగొండ బత్తాయి తోటల్లో, గూడూరు నిమ్మ తోటల్లో లేత మొక్కలకు ఈ జాతి పురుగులు నష్టం చేస్తాయి. అక్కడ రైతు పురుగులను ఏరేయడంలో తప్పు లేదు. ఆసియాకు చెందిన నిమ్మ సీతాకోకచిలుక 2004లో కరీబియన్‌లోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనబడి, అక్కడినుంచి పక్క దీవులకు పాకి నిమ్మ రైతులను కలవరపెట్టింది. తోట లెక్క వేరు, పెరటి లెక్క వేరు. ఇంట్లో ఉన్న ఎదిగిన కరివేపాకు చెట్టు నాలుగు పురుగులు తిన్నంత మాత్రాన చావదు. కొమ్మలు కత్తిరించినట్టే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. కుండీలోని చిన్నమొక్కయితే పురుగున్న రెబ్బను తుంచి పక్కింటి పెద్దచెట్టు మీద పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో ఒకదాన్ని పెంచి చూడొచ్చు. నోరు సన్నని సీసాలో నీళ్ళు పోసి కరివేపాకు రెబ్బ గుచ్చండి. పురుగు నీళ్ళలో పడకుండా మూతి చుట్టూ దూది కుక్కండి. దాన్ని గాలాడే దోమతెర డబ్బాలో ఉంచి అడుగున పాత న్యూస్‌పేపరు పరవండి. రోజూ పెంటికలు దులిపి తాజా ఆకు పెట్టండి. బజారు ఆకుకు మందు కొట్టి ఉండొచ్చు, పెరటి ఆకే వాడండి. ప్యూపా కట్టుకోవడానికి ఏటవాలుగా ఒకటి రెండు పుల్లలు పెట్టండి. చిలుక బయటికొచ్చాక రెక్కలు ఆరేదాకా ముట్టుకోకుండా ఉండి, పొద్దున ఎండలో వదిలేయండి. ఈ పనికి కావలసినవి ఒక సీసా, ఒక చెట్టు, ఒక నెల ఓపిక.

చిలుకలు తగ్గిపోతున్నాయని బాధపడేవాళ్ళు పూలమొక్కలు నాటుతారు. మంచిదే. కానీ పూలు చిలుకకు తిండి పెడతాయి తప్ప చిలుకను పుట్టించవు. పుట్టించేది పురుగు తినే ఆకు. మార్మన్‌కు కరివేపాకు, నిమ్మ. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. రోజ్ చిలుకలకు ఈశ్వరి. పసుపుపచ్చని ఎమిగ్రెంట్‌కు రేల. ఈ మొక్కలుండి, వాటి మీద పురుగుల మందు లేకపోతే చిలుకలు వాటంతటవే వస్తాయి. ఈ వానాకాలం మీ కరివేపాకు మీద పచ్చపురుగు కనబడితే మందు సీసా పక్కన పెట్టండి. తాలింపుకు నాలుగు రెబ్బలు మీరు తుంచుకోండి, నాలుగు దానికి వదలండి.